చెఱువు గెట్టు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమునాడు చెఱువును గుఱించిన ప్రసంగమేమి యని కొందఱకు తోచవచ్చును. పెద్దలు సప్తసంతానములని ఏడింటిని లెక్కించిరి: పుత్రుడు, తటాకము, దేవాలయము, వనము, అగ్రహారము, నిధి, కృతి. కట్టించిన చెఱువును, వ్రాయించిన పుస్తకమును వారు ఒకే పంక్తిలో కూర్చుండబెట్టిరి. రెండింటికిని పోలిక లేకపోలేదు. రెండును ఒక తరమువారు కూడబెట్టి మఱియొక తరమువారికి విడిచిపోవునవి. రెండింటికిని కాపలా లేకున్నచో మెల్లమెల్లగా కొల్లపోవునవి. పుస్తకమునకు చెదపురుగెట్టిదో, చెఱువునకు ప్లాటు అట్టిది.

కోదాడ ప్రాంతమున ఈ పోలిక మఱింత చక్కగా అతుకును. ప్రక్కనున్న మునగాల పరగణా జమీందారులు రాజా నాయని వేంకటరంగారావుగారు, వారి దివాను కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగు వారి పూనికవలన 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయము వెలసినది. ఆ జమీందారుల కోట నడిగూడెములోనిది. తెలంగాణమున గ్రంథాలయోద్యమమునకు ఊట ఊఱినది కోదాడ చుట్టుపట్లనే యని చెప్పిన తప్పులేదు.

ఆ సెప్టెంబరు 1వ తేదీయే 2024వ సంవత్సరమున ఈ ప్రాంతమువారికి వేఱొక విధముగా జ్ఞాపకముండవలసివచ్చినది. ఆగస్టు 31వ తేదీయు, మఱునాడును కురిసిన కుంభవృష్టికి కోదాడ వీథులు వాగులైనవి. కార్లు కొట్టుకొనిపోయినవి. ప్రాణనష్టమును జరిగినది. హైదరాబాదు – విజయవాడ రహదారిపై రాకపోకలు స్తంభించినవి. ఆ వరదలలోనే నడిగూడెము మండలమున నాగార్జునసాగరు ఎడమకాలువకు గండి పడి పొలములు మునిగినవి. అంతటి వాన ఏ ఊర కురిసినను నష్టము తప్పదు. దానినంతటిని ఆక్రమణదారుల నెత్తిన మోపుట న్యాయము కాదు. వాన యెంత కురియవలెనో నిర్ణయించుట మనుష్యుల చేతిలో లేదు. కురిసిన నీరు ఎచట నిలువవలెనో, ఏ దారిని పోవలెనో నిర్ణయించుట మాత్రము పూర్వులు తమ చేతిలో ఉంచుకొనిరి. ఆ నిర్ణయమునకే చెఱువని పేరు. ఆ నిర్ణయమును నిలుపుటకు నేటి పట్టణములో ఉన్న సాధనము కట్టడముల నిబంధనలు, మాస్టర్ ప్లాను. అవి చాలుచున్నవా, చాలకున్నచో ఎచట సవరింపవలెను అనునదియే ఈ ప్రసంగ విషయము.

ముందుగా చెఱువు పని చేయు తీరు చెప్పుకొనవలెను. ఎఱిగినవారు మన్నింతురు గాక. ఈ ప్రాంతపు చెఱువు ఒంటరిగా నుండదు. అది గొలుసులోని యొక కొక్కెము. ఎగువ కుంట నిండి అలుగు దూకిన నీరు వాగై దిగువ చెఱువునకు చేరును. అది నిండి అలుగుపాఱి మఱియొక దానికి చేరును. కట్ట నీటిని ఆపును, తూము పొలమునకు విడుచును, అలుగు మిగులు నీటిని సాగనంపును. ఈ మూడింటిలో చెఱువు హద్దును నిర్ణయించునది కట్ట కాదు, తూమును కాదు, అలుగు. అలుగు పైరాతి మట్టమువఱకు నీరు నిలిచినప్పుడు ఆ నీటి అంచు ఎచటెచట నేలను తాకునో ఆ గీతయే చెఱువు గెట్టు. దానినే ఇంజనీర్లు పూర్తి నీటిమట్టమనియు, క్లుప్తముగా ఎఫ్.టి.ఎల్. అనియు వ్యవహరింతురు. ఆ గీతకు లోపలి నేల శిఖము. కోస్తా జిల్లాలలో దానినే చెఱువు పోరంబోకు అందురు. వేసవిలో అది ఎండి బీటలువాఱి, గొఱ్ఱెలు మేయు మైదానమువలె కనిపించును. మోసమంతయు అక్కడనే యున్నది. స్థలము చూడవచ్చిన వానికి ఏప్రిల్ నెలలో శిఖమును చూపినచో అది చెఱువని తోచదు.

చెఱువు కట్టుటకు మునుపే దాని మంచిచెడ్డలను ఎంచి చూచినవారు పూర్వులు. కడప మండలమున పోరుమామిళ్ల చెఱువుకడ 1369వ సంవత్సరపు సంస్కృత శాసనమొకటి కలదు. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు ఆ చెఱువును కట్టించెను. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు అందున్నది. శాసనము చెఱువునకు పండ్రెండు సాధనములను, ఆఱు దోషములను పేర్కొన్నది. జలశాస్త్రము తెలిసినవాడు, గట్టినేల, దూరమునుండి వచ్చు తియ్యని నీటి ఏఱు, విశాలమైన లోతుగల గర్భము సాధనములలోనివి. దోషములలో కట్ట నుండి నీరు కాఱుట, చవుడునేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, గర్భమధ్యమున తాబేటి వీపువలె మెరక యుండుట చెప్పబడినవి. మఱి రెండు దోషములు నేటివారు తప్పక వినదగినవి: నీరు కొంచెమై నేల విస్తారమగుట యొకటి, నీరు విస్తారమై నేల కొంచెమగుట మఱియొకటి. శాసనకర్త దృష్టిలో ఈ చివరిది నిర్మాతచేతి పొరపాటు. చక్కగా కట్టిన చెఱువునకు ఆ దోషమును తరువాతివారు మట్టిపోసి తెచ్చిపెట్టుదురని అతడు ఊహించియుండడు. రెండు రాజ్యముల సరిహద్దను దోషమును సైతము కొట్టివేయరాదు. నేడొక చెఱువునకు నీటిపారుదల శాఖ, రెవెన్యూ శాఖ, మునిసిపాలిటీ, పంచాయతీ అని నాలుగు రాజ్యములు సరిహద్దులు.

సూర్యాపేట కడ పిల్లలమఱ్ఱిలో రేచర్ల రెడ్లు కాకతీయుల కాలమున ఆలయములు కట్టించిరి. ఆ వంశమువాడే యగు రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213వ సంవత్సరమున ఆలయమును నెలకొల్పెను. దానికే రామప్ప గుడియని పేరు. ఆ ప్రక్కనే రామప్ప చెఱువు. ఊరు, గుడి, చెఱువు మూడును కలిసి పుట్టుట ఆ కాలపు సంప్రదాయము. గుడికి 2021వ సంవత్సరమున ప్రపంచ వారసత్వ గౌరవము లభించినది. సామాన్యపు ఊరి చెఱువునకు అట్టి గౌరవము రాదు, రానక్కఱయు లేదు. కట్ట మైసమ్మకు బోనమును, బతుకమ్మకు నీరును దక్కిన చాలును.

మఱి ఇంతటి చెఱువు జనుల మనస్సులనుండి ఎట్లు జాఱిపోయినది? ఒక్క దురాశవలననే యనుట తేలిక. కారణము అంతకన్న లోతైనది. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడిచిరి. ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల మీదుగా పాలేరు వైపు సాగినది. మెట్టపంటల నేల వరిమాగాణియైనది, రైసుమిల్లులు వెలసినవి. ఈ మేలును తక్కువగా చెప్పుట కృతఘ్నత యగును. కాని కాలువనీరు కాలిదగ్గఱకు వచ్చిన పిదప చెఱువునీటికై ఎదురుచూచు రైతు తగ్గెను. ఎదురుచూచువాడు తగ్గినచోట నీరటి అక్కఱ తీఱెను. నీరటి లేనిచోట గెట్టు చూచువాడు లేడాయెను. పూర్వము శిఖములో ఒకడు మెరకపోసిన ఆయకట్టు రైతులందఱును కఱ్ఱలు పట్టుకొని పోయెడివారు. ఏలయనగా ఆ తట్టెడు మట్టి వారి మళ్లలోని నీటిని తగ్గించునది. నేడు ఆయకట్టే ప్లాట్లైన చోట చెఱువు తఱిగినందువలన నష్టపడువాడు ఎవడో తెలియదు. వరద వచ్చినప్పుడే తెలియును, అప్పుడు అందఱును నష్టపడుదురు. రహదారి వెడల్పైన కొలది, 2016వ సంవత్సరమున సూర్యాపేట జిల్లా యేర్పడిన పిదప, నేల విలువ పెరుగుచునే యున్నది. చెఱువు మాత్రము ఎవరి లెక్కలోను ఆదాయముగా కనబడదు.

ఇక నిబంధనల సంగతి. 2012 ఏప్రిల్ 7వ తేదీన వెలువడిన 168వ నంబరు ప్రభుత్వోత్తర్వు నేటికిని తెలంగాణ పట్టణములందు కట్టడములకు ఆధారము. దాని ప్రకారము చెఱువు, కుంట, శిఖము భూములలో పూర్తి నీటిమట్టమునకు లోపల ఏ కట్టడమును కూడదు. ఆ గీతకు వెలుపల పది హెక్టారులును అంతకు మించినవియు నగు చెఱువులకు 30 మీటర్లు, అంతకు తక్కువ వానికి 9 మీటర్లు ఖాళీగా విడువవలెను. వాగు, నాలా, కాలువ వెడల్పు 10 మీటర్లకు మించినచో ప్రక్కన 9 మీటర్లు, అంతకు లోబడినచో 2 మీటర్లు విడువవలెను. ఈ విడిచిన మేరకే బఫరు అని పేరు. అందు చెట్లు పెంచవచ్చును, నడకదారి వేయవచ్చును, ఇల్లు మాత్రము కట్టరాదు.

కేంద్ర ప్రభుత్వము 2017వ సంవత్సరమున చేసిన చిత్తడినేలల నియమములు ఉన్నవి గదా యని చదువుకొన్నవారు అడుగవచ్చును. సాగునీటికై, త్రాగునీటికై మనుష్యులు నిర్మించిన జలాశయములను ఆ నియమములు తమ పరిధినుండి తొలగించినవి. తెలంగాణ చెఱువులన్నియు మనుష్య నిర్మితములే. కాబట్టి ఊరి చెఱువునకు చివరకు దిక్కు ఈ స్థానిక నిబంధనయే. అది గట్టిగా నుండవలెను. అది గట్టిగా లేని చోట్లు కొన్ని యున్నవి.

మొదటిది, కొలత. ఉత్తర్వు గీతనుండి ఇన్ని మీటర్లని చెప్పినది. గీత మాత్రము నేలపై లేదు. దానిని నీటిపారుదల, రెవెన్యూ శాఖలు కొలిచి ధ్రువీకరింపవలెను. గ్రామనక్షలో శిఖము విస్తీర్ణము ఒకటి యుండును, పహాణీలో మఱియొకటి యుండవచ్చును, అలుగు మట్టము చొప్పున లెక్కించిన నీటి విస్తీర్ణము మూడవది కావచ్చును. ఈ మూడును కలియని చోట తగవులాడువానికి ఒక్కొక్క కాగితము ఒక్కొక్క ఆయుధము. మిషన్ కాకతీయ 2015 మార్చి 12వ తేదీన ఆరంభమైనప్పుడు రాష్ట్రమున 46,531 చెఱువులు కుంటలు లెక్కకు వచ్చినవి. పూడిక తీసిరి, కట్టలు బలపఱచిరి, మంచి పని. కాని పూడిక తీయుట మెప్పును తెచ్చు పని, గెట్టురాయి పాతుట కలహమును తెచ్చు పని. ఏది ముందు జరుగునో చెప్పనక్కఱలేదు.

రెండవ లోపము పది హెక్టారుల మెట్టు. పది హెక్టారులనగా 24 ఎకరముల 28 గుంటలు. 25 ఎకరముల చెఱువునకు చుట్టును 30 మీటర్లు విడువవలెను. ఎవడైనను ఒక ఎకరము మెరకపోసి, చెఱువు 24 ఎకరములే యని కొలిపించినచో విడువవలసినది 9 మీటర్లే. మిగిలిన 21 మీటర్ల పట్టీ ఎంతయగునో లెక్కవేసి చూడుడు. 24 ఎకరముల చెఱువు గుండ్రముగా నున్నదనుకొన్నచో ఆ పట్టీ ఆఱు ఎకరములకు పైబడును. కట్ట చుట్టుకొలతలో మూడవవంతనుకొని అటువైపు తీసివేసినను నాలుగెకరములు మిగులును. ఒక ఎకరము దొంగిలించినవానికి నాలుగెకరములు బహుమానమిచ్చు నిబంధనను ఎవరును బుద్ధిపూర్వకముగా వ్రాసియుండరు. కాని లెక్క అట్లే తేలుచున్నది. నేటి కొలతను విడిచి, మొదటి సర్వేలో నమోదైన విస్తీర్ణమును ఆధారముగా పట్టుకొనవలెనను ఒక్క వాక్యము చేర్చినచో ఈ చిల్లు మూతపడును.

మూడవది అన్నింటికన్న ముఖ్యమైనది. దానిని గుఱించి కొంత నిదానముగా చెప్పవలసియున్నది. బఫరును మీటర్లతో, అనగా దూరముతో కొలుచుచున్నారు. నీరు దూరమునుబట్టి పాకదు, మట్టమునుబట్టి పాకును. కోదాడ వంటి చదునైన నేలలో చెఱువు ఎగువ వైపు వాలు రెండువందల అడుగులకు ఒక అడుగనుకొందము. పెద్దవానకు అలుగుపై రెండడుగుల ఎత్తున నీరు దూకినచో, చెఱువులోని నీరును ఆ రెండడుగులు పెరుగును. ఎగువ వైపు నాలుగువందల అడుగుల దూరము పాకును. 30 మీటర్ల బఫరు నూఱు అడుగులైనను నిండదు. అంత మేర మునుగుటకు నీరు అర అడుగు లేచిన చాలును. చిన్న కుంటకు చెప్పిన 9 మీటర్లు మునుగుటకు రెండంగుళములైనను అక్కఱలేదు. అదే చెఱువునకు గుట్టవైపున పది అడుగులకు ఒక అడుగు వాలున్నచో, 30 మీటర్ల చివర నేల పదడుగుల ఎత్తున నుండును. అచటికి ఏ వరదయు రాదు. కాబట్టి ఈ నిబంధన గుట్టవైపు వానివద్ద అక్కఱకు మించి తీసికొనుచున్నది, చదునువైపు వానిని వరదకు అప్పగించుచున్నది. అతడు బఫరు విడిచి, పన్ను చెల్లించి, అనుమతి పొంది కట్టుకొన్న ఇంటిలో మోకాలిలోతు నీటిలో నిలిచి, తాను చేసిన తప్పేమని అడిగినచో సమాధానము చెప్పగలవారు లేరు.

అందుచేత హద్దును రెండు విధముల నిర్ణయించుట మంచిది: ఇన్ని మీటర్ల దూరము, లేక అలుగు మట్టమునకు పైన ఇన్ని అడుగుల ఎత్తు, రెండింటిలో ఏది వెలుపలిదైన అది. ఆ ఎత్తు ఎంతయో ఒక్కొక్క చెఱువునకు అలుగు పొడవును, పరీవాహ ప్రాంతమును చూచి ఇంజనీర్లు తేల్చవలెను. ఇది క్రొత్త ఊహ కాదు. తెలుగుదేశముననే కొల్లేటి సరస్సునకు 1999వ సంవత్సరమున అభయారణ్యపు హద్దును ఐదడుగుల కాంటూరు, అనగా సముద్రమట్టమునకు పైన ఐదడుగుల ఎత్తు గీత ననుసరించి నిర్ణయించిరి. 308 చదరపు కిలోమీటర్ల మేర ఆ గీత లోపలికి వచ్చినది. గీత నీటి స్వభావమునకు తగినదే. ఐనను అందు వేలాది ఎకరముల జిరాయితీ భూములు పడినవి, వాని యజమానులకు ఏమి చేయుదురో ముందుగా తేల్చలేదు. 2005, 2006 సంవత్సరములలో చేపల చెఱువుల గట్లు తెగగొట్టిరి. 2008వ సంవత్సరమున శాసనసభ హద్దును మూడడుగుల కాంటూరునకు కుదింపవలెనని తీర్మానించినది. గీత సరిగా గీయుట సగము పని. ఆ గీత లోపల చిక్కినవారికి దారి చూపుట మిగిలిన సగము.

నాలుగవ లోపము వాగుల విషయము. పది మీటర్లకు లోబడిన కాలువకు ప్రక్కన విడువవలసినది 2 మీటర్లట! ఆఱున్నర అడుగులు. పూడిక తీయుటకు యంత్రము నిలుచు చోటైనను కాదు. చెఱువునకు నీరు తెచ్చునవి, గొలుసులో ఒకదానినుండి మఱియొకదానికి కొనిపోవునవి ఎక్కువగా ఈ చిన్న కాలువలే. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున చెఱువును తెగగొట్టినవానికి చెప్పిన శిక్ష నేడు ఎవరును కోరరానంత కఠినమైనది, దానిని ప్రక్కనుంచుడు. అచటనే చెఱువులోనికి వచ్చు నీటిదారిని చెఱచినవానికి వేఱుగా దండుగ విధింపబడినది. నీటిని నిలుపు చోటును, నీరు వచ్చు దారిని వేఱువేఱుగా కాపాడవలెనను ఎఱుక ఆ కాలముననే కలదన్నమాట. నేటి మాస్టర్ ప్లానులలో చెఱువునకు నీలిరంగు పూయుదురు. కాలువ సన్నని గీతయై, వీథుల గీతల నడుమ ఎచటనో అంతర్ధానమగును. చెఱువు మిగిలి కాలువ పోయినచో అందు చేరునది వాననీరు కాదు, మురుగునీరు. కట్టపై రంగుదీపములు, కూర్చుండుటకు బల్లలు అమర్చి, లోపలికి ఊరి మురుగును విడుచుట కొన్ని పట్టణములందు కనిపించుచున్నది. సాయంకాలము గాలికి వచ్చినవారు ముక్కు మూసికొని దీపములను చూడవలెను.

నిబంధన మార్చునప్పుడు ఎవరు మార్చవలెను, ఎట్లు మార్చవలెను అనునదియు చూడవలసినదే. బెంగుళూరులో 2016వ సంవత్సరమున జాతీయ హరిత ధర్మాసనము చెఱువుల బఫరును 75 మీటర్లకు పెంచినది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది: చట్టప్రకారము ఏర్పడిన మాస్టర్ ప్లానును ధర్మాసనము తన ఉత్తర్వుతో మార్చజాలదని. హైదరాబాదు కడ ఉస్మానుసాగరు, హిమాయతుసాగరుల చుట్టు పది కిలోమీటర్ల వఱకు కట్టడములను అరికట్టిన 1996వ సంవత్సరపు 111వ నంబరు ఉత్తర్వు 84 గ్రామములకు వర్తించినది. 1908వ సంవత్సరపు మూసీ వరద పిదప పుట్టిన ఆ జలాశయములకు అది కవచమువలె నుండెను. 2022 ఏప్రిల్‌లో మఱియొక ఉత్తర్వుతో ఆ ఆంక్షలను ఎత్తివేసిరి. ఉత్తర్వుతో వచ్చినది ఉత్తర్వుతో పోవును. ప్రజల అభ్యంతరములు విని, ప్రకటించి, మాస్టర్ ప్లానులో చేర్చిన గీతకు ఉన్న బలము దానికి లేదు. 168వ ఉత్తర్వు చెప్పినది కనీసపు హద్దు. మునిసిపాలిటీ తన ప్రణాళికలో అంతకు మించిన మేరను పచ్చని మేరగా గుర్తింపుమని ప్రభుత్వమును కోరుటకు అడ్డేమియు లేదు.

ఇంతవఱకు నీటి పక్షమున చెప్పినదే. నేలపక్షమున చెప్పవలసినదియు కలదు. శిఖములో పట్టాలున్నవారు కలరు. నీరు తగ్గినప్పుడు సాగుచేసికొనుట వారి హక్కు. నీరు నిలుచుటకు అడ్డుపడుట గాని, ఇల్లు కట్టుట గాని, ప్లాట్లుగా అమ్ముట గాని ఆ హక్కులో చేరదు. ఐనను తాతలనాటి పట్టా చేతబట్టుకొన్న రైతు, తన ప్రక్క భూమి కోట్లకు అమ్ముడుపోవుచుండగా తన భూమి మాత్రము చెఱువు పేర నిలిచిపోయినదని బాధపడుట అసహజము కాదు. ఊరందఱి మేలుకై అతడొక్కడే నష్టపడవలెననుట ధర్మమా? కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజునకు చెప్పిన నీతిలో, రాజ్యము చిన్నదైనను కుంటలు కాలువలు కల్పించి, పేద రైతునకు పన్నులో వెసులుబాటు కల్పింపవలెనని రెండును కలిపి చెప్పబడినవి. చెఱువును కాపాడు చేయి పేదరైతునకును ఆసరా కావలెనని దాని భావము.

భూమి అప్పగించినవారికి వేఱొక చోట అదనపు అంతస్తులు కట్టుకొను హక్కును పత్రముగా ఇచ్చు పద్ధతి తెలంగాణమున కలదు. టి.డి.ఆర్. అని వ్యవహరింతురు. హైదరాబాదులో ఆ పత్రము కొనువారు దొరకుదురు. అంతస్తులకు గిరాకి లేని చిన్న పట్టణమున ఆ కాగితమును రైతు ఏమి చేసికొనవలెను? ఇట్టి చోట్ల ఆ పత్రము రాష్ట్రములో ఎచటనైనను చెల్లునట్లు చేయుటయో, బఫరు భూమిలో తోట పెంచుకొని ఫలమనుభవించు హక్కును రైతునకే విడిచి సంవత్సరమునకింత అని చెల్లించుటయో ఆలోచింపవలెను.

అంతకన్న దీనులు ప్లాటు కొన్నవారు. శిఖములో మొదట మట్టిపోసినవాడు అందు ఇల్లు కట్టుకొని నివసింపడు, అమ్ముకొని పోవును. నూఱు గజములు కొన్నవాడు ఆటో నడుపువాడో, బడిపంతులో, గల్ఫు దేశమున పదేండ్లు కష్టపడి వచ్చినవాడో అయియుండును. 2020వ సంవత్సరపు లేఅవుటు క్రమబద్ధీకరణ పథకమున శిఖము, చెఱువు భూములలోని ప్లాట్లకు తావు లేదు. అది సరియే. కాని ఆ మాట అతనికి తెలియునది కొన్న తరువాత. అదే సంవత్సరము వచ్చిన చట్టము ప్రకారము 75 గజముల లోపు స్థలమునకు అనుమతియే అక్కఱలేదు, రూపాయి రుసుముతో నమోదు చాలును. 600 గజముల వఱకు యజమాని స్వయముగా ధ్రువీకరించిన అనుమతి వచ్చును. తన స్థలము శిఖములో లేదని ధ్రువీకరింపవలసినవాడు అతడే. శిఖము ఎచటివఱకో అతనికి చెప్పగల పటము లేదు. తరువాత అబద్ధమని తేలినచో నోటీసు లేకయే కూల్చవచ్చును. సర్కారుకు తెలియని హద్దును సామాన్యుడు తెలిసికొని ప్రమాణము చేయవలెననుట వింతైన న్యాయము. 2024 జూలైలో హైదరాబాదున హైడ్రా యను సంస్థ ఏర్పడి చెఱువులలోని కట్టడములను కూల్చినప్పుడు కొందఱు చప్పట్లు కొట్టిరి, కొందఱు ఏడ్చిరి. చప్పట్లు కొట్టినవారిలోను తమ ఇల్లు ఏ గీతకు ఏ వైపున నున్నదో చెప్పగలవారు ఎందఱు? గీత ముందు, యంత్రము తరువాత కావలెను. గీత ముందుగా నున్నచో యంత్రముతో పని తక్కువ.

ఇంక కోదాడలో ఏమి చేయవచ్చును? ఇది కోట్లతో కూడిన పని కాదు. పెద్దచెఱువు మొదలుకొని పట్టణ పరిధిలోను, చుట్టుపట్లను ఉన్న ప్రతి చెఱువునకును, కుంటకును అలుగు మట్టమును కొలిచి, ఆ మట్టము నేలను తాకు చోట్ల యాబది గజములకొక రాయి పాతవలెను. వర్షాకాలమున అలుగు పాఱునాడే ఈ పని సులభము. ఆనాడు నీరే గీత గీసి చూపును, సర్వేయరు దాని వెంట నడిచిన చాలును. అలుగులను ఎవరైనను తగ్గించియున్నచో, తూములు పగులగొట్టియున్నచో ముందుగా వానిని పూర్వపు మట్టమునకు తేవలెను. లేకున్నచో తగ్గిన నీరే సాక్ష్యమగును. గొలుసులోని కాలువలను మొదటినుండి చివరిదాక ఒకే పటములో చూపవలెను. ఆ పటములోని సర్వే నంబర్లు రిజిస్ట్రేషను కార్యాలయపు నిషేధిత జాబితాలోను, మునిసిపాలిటీ అనుమతుల యంత్రములోను ఒకేమాఱు చేరవలెను; ఒకచోట చేరి మఱియొకచోట చేరకున్నచో ఆ సందుననే ప్లాట్లు మొలచును. తొలి ప్రకటన చేసి, అభ్యంతరములకు గడువిచ్చి, వినిన పిదప తుది ప్రకటన వెలువరింపవలెను. తొలి ప్రకటనతో ఆగిపోయిన గీత కోర్టులో నిలువదు.

అభ్యంతరము చెప్పుకొనుటకైనను, సమర్థించుటకైనను జనులు ఆ పటమును చూడవలెను గదా. తహశీల్దారు కార్యాలయమున బీరువాలో నున్న పటమును చూచుటకు ఒక దరఖాస్తు, ఒక పూట కూలి కావలెను. సాయంకాలము దీపము వెలుగు గ్రంథాలయములో, పత్రికలు చదువు బల్లపైన, ఏ చదువరియైనను వ్రేలు పెట్టి తన వీథిని వెదకికొనుటకు వీలుగా ఆ పటముల ప్రతులను ఉంచవచ్చును. నక్ష, సేత్వార్, పహాణీలలోని చెఱువుల పుటలకు నకళ్లు సంపాదించి, సంవత్సరవారీగా కట్టి ప్రక్కన పెట్టవచ్చును. ఈ రజతోత్సవ సంవత్సరమున గ్రంథాలయమునకు పుస్తకములు దానమీయదలచిన దాతలు ఆ నకళ్ల రుసుమును, ఒక చెక్క బీరువాను సమకూర్చినచో, కార్యనిర్వాహకవర్గమువారు వచ్చెడి వానకాలమునకు ముందే ఆ పని మొదలుపెట్టుటకు వీలగును.